లైక్లీ అనే మాటను నేను మింగేసిన శుక్రవారం

ఈ పొద్దున సౌదీలోని హుఫూఫ్‌లో మా క్యాంపు గది ముందు కుర్చీ వేసుకుని టీ తాగుతూ ఫోనులో ఇంగ్లీషు వార్తలు తిరగేస్తుంటే, ఈ దేశంలో ఉండటానికిచ్చే ఇకామా కార్డు నిబంధనల్లో మార్పులు ‘లైక్లీ’ అని ఒక శీర్షిక కనబడింది. పక్కవాళ్ళు దాన్ని చూసీ చూడనట్టు వేలితో పైకి తోసేసి వంటల వీడియోలకు పోయారు గానీ, నేను మాత్రం ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. దానికీ నాకూ పాత పేచీ ఒకటి ఉంది.

ఉత్తరాలూ క్యాసెట్లూ నడిచిన రోజుల్లో ఈ దేశం వచ్చిన నా తోటివాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో క్యాంపు మొత్తానికి దొరికేది ఒక్క పేపరు, అదీ ఇంగ్లీషుది, అదీ ఆఫీసులో మేనేజరు చదివి పక్కన పడేసినది. నేను టైపిస్టును కనుక దాన్ని చంకన పెట్టుకుని గదికి తెచ్చేవాణ్ణి. శుక్రవారం మధ్యాహ్నం కోడికూరా అన్నం అయ్యాక, కరీంనగర్ వైపు మేస్త్రీలూ, కడప నుంచి వచ్చిన డ్రైవరు భాయీ కింది మంచాల మీద సర్దుకుని కూర్చుంటే, నేను వార్తలన్నీ తెలుగులో చదివి వినిపించేవాణ్ణి. ఆ గంటసేపు మేనేజరు కూడా నా ముందు దిగదుడుపే అనిపించేది, ఎందుకు దాచాలి!

అలా చదువుతూ చదువుతూ ఈ లైక్లీ అనే మాట పేపర్లో ఎంత చిత్రంగా నడుస్తుందో గమనించాను. మన ఇంట్లో ఎవరైనా ‘రావచ్చు’ అంటే, నీకెవరు చెప్పారు, ఎందుకలా అనుకున్నావు అని నిలదీయవచ్చు. పేపర్లో మాత్రం దాని వెనక మనిషే ఉండడు. వాన లైక్లీ, మంత్రిగారి రాక లైక్లీ, కొత్త చట్టం లైక్లీ. జరిగితే మేం ముందే రాశామంటారు, జరగకపోతే మర్నాడు ఆ ఊసే ఎత్తరు. అచ్చమైన గోడ మీది పిల్లి. ఉర్దూ పేపర్లలో దాన్నే ‘ఇమ్కాన్’ అంటారని, అదీ ఇదే జాతి పిల్లి అని డ్రైవరు భాయి నవ్వేవాడు.

మొదట్లో నేను నిజాయితీగా ‘రావచ్చు’ అనే చదివేవాణ్ణి. “అచ్చుడా, రాకపోవుడా, ఒక్కటి జెప్పరాదు సారూ!” అని మేస్త్రీలు విసుక్కునేవారు. వాళ్ళ మొహాలు వాడిపోతే నా పెద్దరికమూ కాస్త తగ్గినట్టుండేది, అందుకని మెల్లమెల్లగా ఆ మాటను మింగేసి ‘వస్తుంది’ అనడం అలవాటు చేసుకున్నాను.

మా శ్రోతల్లో నాకు వరుసకు బావ అయ్యే ఒకాయన ఉండేవాడు. వీసా ఇచ్చి రప్పించుకున్న యజమాని, అదే కఫీల్, దగ్గర పని భరించలేక పారిపోయి, క్యాంపు భాషలో చెప్పాలంటే కల్లివెల్లి అయి, చెల్లని ఇకామాతో ఖర్జూరపు తోటలో దాక్కుని పని చేసేవాడు. శుక్రవారాలు కూరగాయల బండి వెనక ఎక్కి మా గదికి వచ్చేవాడు. ఆయన ఇక్కడికి వచ్చాక పుట్టిన బిడ్డ అప్పటికే బడికి పోతోంది, ఆయన ఇంకా చూడనే లేదు. ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటిస్తే తప్ప జైలుకు పోకుండా ఇల్లు చేరే దారి లేదు కనుక, పేపరంతటిలో ఆయనకు కావలసిన వార్త అదొక్కటే.

ఒక శుక్రవారం ఆ వార్త వచ్చింది, చివర లైక్లీతో సహా. బావ కళ్ళలోకి చూస్తూ, క్షమాభిక్ష వస్తోందని చదివేశాను. గదంతా కేకలు. ఆయన ఆ రెండు రోజుల్లోనే తోటలో సెలవు చెప్పి, వంటగిన్నెలు పక్కవాళ్ళకు ఇచ్చేసి, ఇంటికి పోయే కాగితాల కోసం మన ఎంబసీ ముందు వరుసలో అందరికంటే ముందు నిలబడాలని రియాద్ టాక్సీ ఎక్కాడు. దారిలో పోలీసులు ఆపి ఇకామా అడిగారు. అంతే, నేరుగా తర్హీల్‌కు, అంటే దేశం నుంచి పంపించేవాళ్ళను ఉంచే జైలుకు తీసుకుపోయారు.

ఆ తర్వాత ప్రతి రోజూ ఆ పేపరును మొదటి పేజీ నుంచి చివరి దాకా వెతికాను, క్షమాభిక్ష గురించి ఒక్క ముక్క లేదు. ఎన్నో నెలలు లోపల ఉంచి, మళ్ళీ ఈ దేశం రాకుండా ముద్ర వేసి బావను పంపించారు. ఆయన వెళ్ళిన కొన్నాళ్ళకు క్షమాభిక్ష నిజంగానే వచ్చింది. తోటల్లో ఓపికపట్టిన వాళ్ళు దర్జాగా ఇళ్ళకు పోయి, కొత్త వీసాలతో తిరిగి వచ్చారు.

సెలవు మీద వెళ్ళినప్పుడు ఆయన ఇంటికి పోయి, ఆ రోజు ఒక మాట మింగేశానని ఒప్పుకున్నాను. బిడ్డ జడ అల్లడం నేర్చుకుంటున్నాడు, చేతులాపకుండానే ఆ మాటకు అర్థమేమిటని అడిగాడు. రావచ్చు అని అర్థమన్నాను. “రావచ్చంటే సుత బైలెల్లేటోన్నే బామ్మర్దీ. ఎవలన్న గా ముచ్చట అంటె సాలని ఉంటి,” అన్నాడు.

ఇప్పుడు ఎవరి వార్త వాళ్ళ చేతిలోనే ఉంది, చదివిపెట్టమని నన్నడిగేవాళ్ళు లేరు, ఒక విధంగా అదే మేలు. అయినా, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూస్తూ చదవడంలో ఉన్న భయం, ఆ భయంలో ఉన్న ప్రేమ ఈ ఫోనుకు ఎక్కడినుంచి వస్తాయి? బావ పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు నిజం చెప్పాడో, నన్ను ఓదార్చాడో అడుగుదామంటే ఆయన లేడు.