వెనక సీటు తెలుగు

ఘుగ్గుస్ దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లుగా కారు నడుపుతున్నాను. కంపెనీ మనిషిని కాను, కాంట్రాక్టరు మనిషిని. మా ఊరు రాజురా అవతల. ఇంట్లో తెలుగే అయినా చదివింది మరాఠీ బడిలో. అందుకే ఫ్యాక్టరీలో చాలామంది నన్ను మరాఠీవాణ్ణే అనుకుంటారు. భార్యాపిల్లలు ఊళ్లో ఉంటారు. వారమంతా అద్దెగదిలో నేనొక్కణ్ణే.

నాలుగేళ్ల కిందట హైదరాబాదు నుంచి కొత్త పెద్దసారు వచ్చాడు. శుక్రవారం మధ్యాహ్నం ఆయన్ను నాగపూర్ విమానాశ్రయంలో దింపాలి, సోమవారం పొద్దున తీసుకురావాలి. మూడు గంటల దారి. నాతో హిందీలో రెండే మాటలు. ఏసీ తగ్గించమని ఒకటి, దారిలో జామ్ అనే ఊరి చౌరస్తాలో టీకి ఆపమని ఒకటి. మిగతా దారంతా ఫోన్‌లో తెలుగు.

నేనూ తెలుగువాణ్ణే అని మొదటిరోజే చెప్పాలనుకున్నాను. అప్పటికే ఆయన భార్యతో ఇంటి గొడవేదో మాట్లాడేస్తున్నాడు. అదంతా విన్నాక చెప్పడానికి మొహం చెల్లలేదు. తర్వాత వారాలు గడిచిపోయాయి. నిజం చెప్పాలంటే, ఆ మాటలు వినడం నాకు ఇష్టంగానే ఉండేది. వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పులు. కూతురికి హాస్టలు తిండి పడటంలేదు. నన్నెవరూ ఏమీ అడగకపోయినా, ఒక ఇంట్లో కూర్చున్నట్టుండేది.

ఒకసారి ఎవరితోనో అన్నాడు, "ఈ ఏడు బోనస్ ఏం లేదురా, డెబ్బై లక్షలే." తిరుగు దారిలో ఖాళీ కారు నడుపుతూ నెలకు నాకొచ్చే పద్నాలుగు వేలతో అంత సంపాదించాలంటే ఎన్నాళ్లని లెక్క వేసుకున్నాను. నలభై ఏళ్లు దాటింది. రేడియో పెట్టుకున్నాను.

డ్రైవర్లం ఇరవై మందిమి. నాతో తెలుగు మాట్లాడేవాడు ఒక్కడే, పద్మాపూర్ నుంచి వచ్చే నా దోస్తు. ఆదివారాలు చర్చికి పోయేవాడు, మిగతా రోజులు నా ఎదురుగా కూర్చుని భోజనం చేసేవాడు. నాకు వండే మనిషి లేదని వాళ్లావిడ డబ్బాలో రెండు రొట్టెలు ఎక్కువే పెట్టేది.

ఒక శుక్రవారం వరోరా దాటాక సారు ఫోన్‌లో అంటున్నాడు. "ఇరవై మంది డ్రైవర్లెందుకండీ? పన్నెండు మందితో సరిపెట్టండి. కాంట్రాక్టరుకు చెబితే అతనే చూసుకుంటాడు. లిస్టు చూశాను, ఓకే."

ఆయన ఫోన్ పెట్టేసేదాకా ఆగాను. తెలుగులోనే అడిగాను.

"సార్, ఆ ఎనిమిది మందిల నేనున్ననా?"

సారు ఫోన్ పక్కన పెట్టి ముందుకు వంగాడు.

"నీకు తెలుగొచ్చా?"

"మా ఇంట్ల తెలుగే సార్."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీరు అడగలే సార్."

ఆరోజు జామ్ చౌరస్తాలో ఆపమనలేదు. విమానాశ్రయంలో దిగాక, తలుపు వేయకుండా ఒక్క క్షణం నిలబడ్డాడు. "నువ్వు లేవులే," అన్నాడు.

దోస్తు సంగతి అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే నా పేరు కూడా చేరుస్తాడేమోనని భయమేసింది. తలుపు వేసి, సార్ అని దండం పెట్టాను.

తర్వాత పది రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ పది రోజులూ దోస్తు డబ్బాలోంచే తిన్నాను. ఆ వారంలోనే వాడు కూతుర్ని ఇంగ్లీషు బడిలో చేర్చాడు, ఫీజు కట్టిన సంగతి సంబరంగా చెప్పాడు. అప్పుడూ చెప్పలేదు.

పదకొండో రోజు గేటు దగ్గర కాంట్రాక్టరు మనిషి ఎనిమిది మంది పాసులు వాపసు తీసుకున్నాడు. అందులో వాడిదొకటి. సైకిల్ స్టాండ్ దాకా వాడి వెంట నడిచాను. దాచుకోలేక చెప్పేశాను.

"నాకు ముందే ఎర్కరా."

"ఎన్ని రోజుల కింద?"

"పది రోజులు."

వాడు సైకిల్ తాళం తీశాడు. "పది రోజులు నా ఎదురుంగ కూసొని తింటివి," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఒక్క మాట చెప్తే ఆ ఫీజు కట్టకపోదును కదరా."

నాతోపాటు మిగిలిన పదకొండు మందికీ ఎలా తెలిసిందో తెలిసింది. పెద్దసారుకు లిస్టు నేనే ఇచ్చానని కొందరి అనుమానం. నేను వెళ్తే మాటలు ఆపేసేవారు. కారులో సారు కూడా మారిపోయాడు. ఆ తర్వాత ఫోన్‌లో అంతా ఇంగ్లీషే. వాళ్లమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయో నాకు మళ్లీ తెలియలేదు. ఏడాది తర్వాత ఆయనకు ముంబైలో ఇంకా పెద్ద పదవి వచ్చింది.

మొన్న వర్షాకాలంలో ఒక ఆదివారం ధైర్యం చేసి పద్మాపూర్ వెళ్లాను. దోస్తు భార్య మంచినీళ్లిచ్చింది.

"ఆయన బొగ్గు లారీ మీద పోయిండన్నా. ఎప్పుడొస్తడో ఎర్క లేదు."

"బిడ్డ మంచిగ చదువుతున్నదా?"

"బడి మార్పిచ్చినం."

కాసేపు కూర్చున్నాను. వచ్చానని చెప్పమన్నాను. చెప్తనన్నది. చెప్పే ఉంటుంది. వాడు మాత్రం ఇంతవరకు ఫోన్ చేయలేదు.