కింది మూల నుంచి వచ్చే గబ్బిలం

కొత్తకోట బస్టాండు వెనక గులాం నబీ నడిపే టీవీ గేమ్ దుకాణంలో, ధర్మయ్య ఆడిస్తున్న తెర మీది ఎర్రరుమాలువాడు ఏడోసారి కూడా అదే గబ్బిలం తగిలి అదే గుంతలో పడి చచ్చాడు.

"ఏందే ధర్మన్నా," అన్నాడు నబీ, బల్ల వెనక నుంచి. "కండ్లు ఇంట్ల పెట్టొచ్చినవా?"

స్టూళ్ల మీది కుర్రకారు నవ్వింది. ధర్మయ్య కూడా నవ్వాలనుకున్నాడు. నోరు సాగలేదు.

అది తొంభై ఎనిమిదో సంవత్సరపు ఎండాకాలం. ధర్మయ్యకు ముప్పై ఆరేళ్లు, వృత్తి మగ్గం. ఆరేళ్ల కిందట నబీ ఈ ఆట మొదటి భాగం కాసెట్ తెచ్చినప్పుడు, ఎర్రరుమాలువాడిని చివరి కోట దాకా తీసుకుపోయినవాడు ఊరు మొత్తానికి ధర్మయ్య ఒక్కడే. కుర్రవాళ్లు ఆవేశంతో ఆడారు. అతడు నేతగాడిలా ఆడాడు. మూడడుగులు, ఒక దూకు, రెండు కత్తి దెబ్బలు, ఒక ఊపిరంత ఆగడం: చీర అంచు లెక్కను కంఠస్థం చేసినట్టే కోట తర్వాత కోటను చేతివేళ్లకు నేర్పాడు. తర్వాత మగ్గం పని పెరిగి ఇటువైపు రావడం మానేశాడు. ఇప్పుడు రెండో భాగం వచ్చిందని నబీ పనిగట్టుకుని కబురు పంపాడు.

"ఆ గబ్బిలం ఎక్కడికెళ్లి వస్తాంది, నబీ భాయ్?"

"కింది మూలకెళ్లి. గంత పెద్దగ కనవడ్తుంటే!"

ధర్మయ్యకు కనబడటం లేదు. తెర నడుమ ఎర్రరుమాలువాడు స్పష్టంగా ఉన్నాడు, రుమాలు ముడి కూడా తెలుస్తోంది. గబ్బిలం మాత్రం ఎక్కడి నుంచీ రావడం లేదు. లేనిది హఠాత్తుగా వాడి ఒంటి మీద ఉంటోంది.

"పాతది పెట్టు," అన్నాడు.

పాత కాసెట్‌లో చేతులు వాటంతటవే నడిచాయి. ఒక కోట, రెండు కోటలు, ఒక్క దెబ్బ తగలలేదు. "గదీ! మా ధర్మన్న అంటే గది!" అని నబీ బల్ల చరిచాడు. ధర్మయ్య గుండె కుదుటపడబోయింది. కాని మూడో కోట ముందర అతడికొక ఆలోచన వచ్చింది, రాకపోతే బాగుండేది. అక్కడ పై మూల నుంచి ఇనుపగుండు దొర్లి వస్తుంది. వేళ్లు దూకబోయాయి, వాటిని ఆపాడు. గుండు రావడం చూద్దామని నిలబడ్డాడు. గోడ ఉంది, మెట్లు ఉన్నాయి, గుండు లేదు. వాడు చచ్చాడు.

మళ్లీ నిలబడ్డాడు. మళ్లీ చచ్చాడు.

"కావాల్నని సచ్చినట్టున్నవు గదనే," అన్నాడు నబీ. ఈసారి అతడి గొంతులో పరిహాసం లేదు.

మనిషి చూస్తున్నాననుకునే దానిలో ఎంత పాలు చూపో, ఎంత పాలు జ్ఞాపకమో విడదీసి చెప్పగల సందర్భాలు అరుదు. ధర్మయ్యకు ఆ సందర్భం ఒక ఆటబొమ్మ వల్ల వచ్చింది. ఇవాళ గెలిచినంత సేపూ అతడు చూడలేదు. గుర్తు చేసుకున్నాడు, అంతే.

ఇంటికి వచ్చి మగ్గం గుంతలో కూర్చున్నాడు. నడుమ నేత మీద చూపు నిలిపి, పక్కలకు తిప్పకుండా, అడ్డపోగును మోసే నాడెను విసిరాడు. అది మగ్గం కుడి చివరి పెట్టెలోకి వెళ్లిన చప్పుడు వినబడింది. వెళ్లడం కనబడలేదు. తన రెండు మోచేతులూ కనబడలేదు. నాడె వైపు చూడకుండా నేయడం తన పనితనమని ఇంతకాలం అనుకున్నాడు. చీరలు నేయించే రామచంద్రయ్య వచ్చే వారం కొత్త అంచు నమూనా ఇస్తానన్నాడు. పాత అంచు చేతులకు తెలుసు. కొత్తది కళ్లతోనే నేయాలి.

మూలన రాట్నం ఉంది. ధర్మయ్య తండ్రి దుర్గయ్య నలభయ్యో ఏట పక్కచూపు పోయి, చూపు ఎదుటి గజం మేరకు కుంచించుకుపోయి, మగ్గం దిగి, ఆ రాట్నం ముందు కూర్చుని పదిహేనేళ్లు నూలు కండెలు చుట్టి అక్కడే కన్నుమూశాడు. ఆయనను పాలమూరులో కంటి శిబిరానికి తీసుకుపోయిన రోజు డాక్టరు ధర్మయ్యను పక్కకు పిలిచి చెప్పాడు: ఇది రక్తంలో దిగే జబ్బు, మేనరికాలలో మరింత తొందరగా పైకి వస్తుంది. అప్పటికే అక్క బిడ్డ ఆండాళును చేసుకుని రెండేళ్లయింది. ఆండాళు కడుపులో అరుణమ్మ ఉంది. ధర్మయ్య ఆ మాటను ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే జరగదన్నట్టు తొమ్మిదేళ్లు మోశాడు.

లేచి వాకిట్లోకి నడిస్తే నీళ్ల బిందె కాలికి తగిలి దొర్లింది.

"బిందె నీకు అడ్డమొచ్చిందా మామా, నువ్వే బిందెకు అడ్డం వోయినవా?" అంది ఆండాళు పొయ్యి దగ్గర నుంచి. "వారంల రెండోసారి."

అతడు వంగి దాన్ని నిలబెట్టాడు. బిందెను కాదు, వాకిట్లో గచ్చకాయలాడుతున్న బిడ్డను చూస్తున్నాడు. ఎగరేసిన కాయను పట్టుకునేటప్పుడు దాని కళ్లు ఎటు పోతున్నాయో చూస్తున్నాడు. తన కళ్ల కోసం పడిన భయం ఆ క్షణంలో పక్కకు జరిగి, దాని వెనక నిలబడి ఉన్న అసలు భయానికి దారి ఇచ్చింది.

ఆదివారం పొద్దున అరుణమ్మను నబీ దుకాణానికి తీసుకుపోయాడు.

"ఆడివిల్లను గూడ చెడగొడ్తవా ఏందన్నా?"

"రెండోది పెట్టు, నబీ భాయ్. మాట్లాడకు. దానికేం చెప్పకు."

నబీ అతడి ముఖం చూసి కాసెట్ పెట్టాడు. ధర్మయ్య తెరకు వీపు పెట్టి, బిడ్డకు ఎదురుగా కూర్చున్నాడు. ఆమె ఈ ఆటను ఎన్నడూ చూడలేదు, గుర్తుపెట్టుకున్నదేమీ లేదు. ఉన్నది చూపే. 

మొదట బొమ్మను ఊరికే గుంతలో పడేసి కిలకిల నవ్వింది. మళ్లీ మొదలుపెట్టింది. గబ్బిలం వచ్చే చోటు దగ్గరపడిందని సంగీతాన్ని బట్టి ధర్మయ్యకు తెలిసింది. అరుణమ్మ కళ్లు తెర నడుమనే ఉన్నాయి. కదలలేదు. కదలలేదు.

"అమ్మో, కిందికెళ్లి ఏందో వస్తాంది!" అని బొమ్మతో పాటు తానూ స్టూలు మీంచి ఎగిరింది.

"శాబాష్ బిడ్డా!" అన్నాడు నబీ.

పై మూల నుంచి గద్ద వచ్చింది, చూసింది. వెనక నుంచి బాణం వచ్చింది, చూసింది. "బాపూ, గిటు తిరిగి చూడవేంది? ఎంత మంచిగుందో!"

ధర్మయ్యకు ఏడుపు వచ్చినంత పనైంది. కాని ఆ ఊరట దుకాణం గడప దాటేలోపే పలచబడింది. ఈ బిడ్డ వయసులో తానూ అన్నీ చూశాడు. ఆరేళ్ల కిందట ఇనుపగుండునూ చూశాడు. ఈ పరీక్ష చెప్పింది ఈ ఒక్క పొద్దు సంగతి. రేపటి పొద్దు మీద దానికి అధికారం లేదు.

ఇంటికి వచ్చి, బిడ్డ ఆటకు పోయాక, ఆండాళును మగ్గం గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాడు. గబ్బిలం, గుండు, నాడె, చివరికి డాక్టరు మాట.

"ఎప్పుడు చెప్పిండు డాక్టరు?"

"అరుణమ్మ నీ కడుపుల ఉన్నప్పుడు."

ఆమె రాట్నం వైపు చూసింది.

"బిడ్డకేమన్న ఉన్నదా?"

"ఇయ్యాల్టికైతే లేదు. అన్నీ చూస్తాంది."

"రేపు పాలమూరు దవాఖానకు పోదాం. దాన్ని గూడ తోల్కపోదాం." కొంగుతో ముఖం తుడుచుకుని, మెల్లగా అంది: "నన్ను గూడ చూపియ్యి మామా. నేను గూడ గా తాత మనుమరాలినే గద."

తొమ్మిదేళ్లు ఆ రహస్యాన్ని అన్ని వైపులా తిప్పి చూసుకున్నాననుకున్నాడు ధర్మయ్య. ఈ వైపు ఒక్కసారి కూడా అతడికి కనబడలేదు. ఆమె పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో కూర్చుని ఉంది. ఆమెను చూడటానికి అతడు ముఖమంతా అటు తిప్పవలసి వచ్చింది.