ఓడ బాబాయి డిష్

లాండ్రీ వదినది మూడంతస్తుల ఇల్లు. కింద ఉతికే మిషన్లు, ఇస్త్రీ బల్లలు, మధ్యలో సంసారం, పైన హోటళ్ళ దుప్పట్లు ఆరేసే తీగలు. ఆ తీగల మధ్య ఒక ఇనప స్తంభం, దాని మీద ఒక తెల్లటి డిష్. వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని టీవీది అనుకునేవారు. పాతవాళ్ళకు మాత్రం ఆవిడ రేడియో పిచ్చి బాగా తెలుసు.

ఆ పిచ్చి అంటించినవాడు ఓడ బాబాయి. ఆవిడ తండ్రికి స్నేహితుడు. వయసులో ఉన్నన్నాళ్ళూ సరకుల ఓడల మీద వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేసి, ఆ తర్వాత పిన్నిని తీసుకుని వంతెన పక్కన చిన్న ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. సొంతంగా రేడియో పెట్టుకుని దూరాలవాళ్ళతో మాట్లాడేందుకు ఇచ్చే హామ్ రేడియో లైసెన్సు పరీక్షను లాండ్రీ వదిన చేత రాయించింది ఆయనే. రెండుసార్లు తప్పితే, “సముద్రం కూడా మొదటిసారే ఎవర్నీ ఒప్పుకోదమ్మాయ్” అని మూడోసారి కూర్చోబెట్టి చదివించాడు.

ఊళ్ళో హామ్ రేడియో వాళ్ళకు ఒక క్లబ్బు ఉంది. ఏరు పొంగితే ముందు పోయేవి కరెంటు, ఫోన్లు కాబట్టి, వాళ్ళు డాబా నుంచి డాబాకు డిష్‌లు పెట్టి సొంతంగా ఒక వైర్‌లెస్ నెట్‌వర్కు అల్లుకున్నారు. ఓడ బాబాయి ఇంటి మీది కెమెరా వంతెన స్తంభం మీది నీటి గుర్తులను చూస్తూ ఉంటుంది. ఆ బొమ్మ ఆయన డాబా నుంచి లాండ్రీ డాబాకు, అక్కడి నుంచి ఫైర్ స్టేషనుకు పోతుంది. బాబాయికి ఆ కెమెరా అంటే ప్రాణం. రోజూ దాని అద్దం తుడిచేవాడు.

వానలు దగ్గర పడుతున్నాయనగా బొమ్మ ముక్కలు ముక్కలుగా రావడం మొదలైంది. లాండ్రీ వదిన పరీక్షించి చూసింది. తన వైపు నుంచి బాబాయి వైపుకు ఏది పంపినా ఇట్టే పోతోంది. ఆయన వైపు నుంచి వచ్చే అప్‌లోడ్ మాత్రం నత్తనడక నడుస్తోంది. పంపేది ఆయన కాబట్టి తప్పు ఆయన దగ్గరే ఉందని ఆవిడ తేల్చేసుకుంది.

“బాబాయ్, మీ కేబుల్ ఒకసారి మార్చి చూడండి.”

మార్చాడు. మర్నాడు డిష్‌ను కొంచెం ఎడమకు తిప్పమంది. ఆయన నిచ్చెనెక్కాడు. కింద పిన్ని రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని నిలబడింది. “ఇప్పుడు చూడమ్మా” అని పైనుంచి ఫోనులో అడిగేవాడు. తేడా లేదు. కుడికి తిప్పమంది. ఎక్కాడు. పైకెత్తమంది. ఎక్కాడు. ఆవిడ స్క్రీను మీద ఆయన సిగ్నల్ బలంగానే కనిపిస్తోంది. దాని పక్కనే, చుట్టూ వేరే సిగ్నళ్ళ రొద ఎంత ఉందో చూపించే గడి ఒకటుంది. ఆవిడ దాని వంక చూడలేదు.

ఒక సాయంత్రం క్లబ్బువాళ్ళందరూ రేడియోలో కలిసే వేళ సెక్రటరీ అడిగాడు, వంతెన బొమ్మ ఎప్పటికి బాగవుతుందని. ఆవేళ ఆవిడకు ఒక హోటలువాడితో గొడవైంది. ఆ చిరాకంతా గొంతులోకి వచ్చింది.

“బాబాయ్ చేతులు వణుకుతాయండీ. ఆయన బిగించిన డిష్ నిలవదు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఆ డిష్, కెమెరా ఇంకో ఇంటికి మార్చేస్తేనే మంచిది.”

క్లబ్బువాళ్ళందరి రేడియోల్లోనూ ఆ మాట వినబడింది. తర్వాత బాబాయి గొంతు వచ్చింది. “అలాగేనమ్మా. పని జరగడం ముఖ్యం.”

ఆ ఆదివారం క్లబ్బువాళ్ళు వెళ్ళి డిష్‌ను, కెమెరాను దించారు. ఆవిడా వెళ్ళింది. బాబాయి తన కేబుల్‌ను మెలికలు పడకుండా చుట్ట చుట్టి, తాడుతో కట్టి ఆవిడ చేతికిచ్చాడు. పిన్ని లోపలి నుంచి బయటకు రాలేదు. వంతెనకు అవతల ఉన్న మందుల షాపు డాబా మీద అన్నీ కొత్తగా బిగించారు, ఈసారి వణకని చేతులతో.

అప్‌లోడ్ మళ్ళీ నత్తనడకే.

లాండ్రీ వదిన వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. ఇల్లు మారింది, కేబుల్ మారింది, బిగించిన మనిషి మారాడు. మారనిదల్లా తన డాబానే. మెల్లగా మేడెక్కి స్తంభం దగ్గర నిలబడింది. డిష్ కింద, చేతికందే ఎత్తులో, ఒక చిన్న కెమెరా కనబడింది. దుప్పట్లు మాయమవుతున్నాయని ఎండాకాలంలో ఆవిడ భర్త దొంగను పట్టడానికి పెట్టింది అది. తీగ లేకుండా కింద షాపుకు రాత్రింబగళ్ళు బొమ్మలు పంపుతూనే ఉంటుంది. దాని ప్లగ్ పీకి, కిందికొచ్చి చూసింది. వంతెన బొమ్మ అద్దంలా వస్తోంది. మళ్ళీ ప్లగ్ పెట్టింది. ముక్కలైంది.

బాబాయి ఎప్పుడూ సరిగ్గానే పంపాడు. తన డిష్ చెవి దగ్గరే ఇంకొకటి కూర్చుని అరుస్తుంటే ఇక్కడ వినబడలేదు, అంతే.

విషయం విని భర్త నవ్వాడు. “చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుందే! పోనీలే, నువ్వు చెబితే తప్ప ఎవరికి తెలుస్తుంది? కనెక్టర్ వదులైంది, బిగించానని చెప్పెయ్.”

ఆవిడ కెమెరా ప్లగ్ పీకేసి, ఆ సాయంత్రం రేడియోలో అలాగే చెప్పింది. సెక్రటరీ “శభాష్” అన్నాడు. తర్వాత ఒకరొకరే మెచ్చుకున్నారు. ఆఖర్న బాబాయి కూడా వచ్చాడు. “మంచి పని చేశావమ్మాయ్” అన్నాడు. ఆవిడ తేలు కుట్టిన దొంగలా మైకు పక్కన పెట్టేసింది.

మర్నాడు ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఒక పెళ్ళికొడుకు చొక్కా కాల్చేసింది. ఇన్నేళ్ళలో ఆవిడ చేతిలో ఒక్క గుడ్డా కాలింది లేదు. కాలిన మచ్చ వంక చూస్తూ కాసేపు నిలబడి, షాపు భర్తకు అప్పగించి వంతెన వైపు నడిచింది.

బాబాయి వరండాలో కూర్చుని ఉన్నాడు. డిష్ పీకిన గొట్టాన్ని అడ్డంగా కట్టి, పెరట్లో అప్పటికే ఎదిగిన కాకర తీగను దాని మీదికి పాకించాడు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, కూర్చోకుండా, ఉన్నదున్నట్టు చెప్పేసింది. దుప్పట్ల దొంగ, కెమెరా, ఆ కనెక్టరు అబద్ధంతో సహా.

ఆయన చివరిదాకా విన్నాడు. “ఓడ మీద మాకు మొదట నేర్పిందే అది. అవతలివాడి మాట అందకపోతే ముందు నీ పక్కన రొదేమైనా ఉందేమో చూసుకోమని.”

“మరి ఆ రోజెందుకు చెప్పలేదు బాబాయ్? ఎన్నిసార్లు నిచ్చెనెక్కించాను మిమ్మల్ని!”

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. “మొదట్లో, నీ వైపు చూసుకునే ఉంటావనుకున్నాను. తర్వాత నువ్వన్నావు కదా, చేతులు వణుకుతాయని. నిజమేనేమో అనిపించింది. ఇక నాకేం తెలిసినా నమ్మకం కుదర్లేదమ్మా.”

ఆవిడ అప్పుడు ఏడ్చింది. తిట్టి ఉంటే ఏడ్చేది కాదు.

ఆ సాయంత్రం రేడియోలో, నలుగురూ వింటుండగా, మొత్తం చెప్పింది. “బాబాయి డిష్‌లో ఏ లోపమూ లేదు. లోపం నా డాబా మీద ఉంది. ఆయన్ని నలుగురిలో అన్నాను కాబట్టి, తప్పు నాదని నలుగురిలోనే చెబుతున్నాను. నిన్న కనెక్టర్ అని చెప్పింది అబద్ధం.” సెక్రటరీ దగ్గి, “సరే, కెమెరా, డిష్ మళ్ళీ బాబాయి ఇంటికే మారుద్దాం” అన్నాడు.

బాబాయి ఒప్పుకోలేదు. “మందుల షాపువాడు బాగా చూసుకుంటున్నాడు. కాకర కాపుకొచ్చింది, ఇప్పుడు గొట్టం పీకితే ఎలా?” అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేకపోయింది.

ఆ ఏడు ఏరు వంతెన మొదటి గుర్తు దాకా వచ్చి తగ్గింది. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. దొంగను పట్టే కెమెరాకు ఆవిడ తీగ వేయించింది. పని ఉన్నా లేకున్నా వారానికోసారి బాబాయి ఇంటికి వెళ్తోంది. ఆయన ఓడల కబుర్లు చెబుతాడు, ఆవిడ డాబా మీదికి ఏం కావాలో సలహాలిస్తాడు. ఆ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. క్షమించారా అని అడగడానికి ఆవిడకూ నోరు రాలేదు.

ఒకరోజు బాబాయి పెరట్లో ఉండగా పిన్ని టీ తెచ్చి ఎదురుగా కూర్చుంది.

“ఏమిటే, వచ్చినప్పుడల్లా ఆయన మొహంలోకి అలా వెతుక్కుంటావు?”

“ఏం లేదు పిన్నీ.”

“ఆయన ఎప్పుడో మరిచిపోయాడు. ఆయనది అలాంటి బుర్ర. నిచ్చెన పట్టుకున్నది నేను. నేనింకా మరవలేదు.”

లాండ్రీ వదిన తల దించుకుంది.

“తాగు,” అంది పిన్ని. “చల్లారిపోతోంది.”

ఆవిడ గ్లాసు అందుకుంది.