వెనక కాలి కణుపులు

మేడం పోయారని ఆలూరు నుంచి ఫోను వచ్చేసరికి నేను కడపలో క్లాసులో ఉన్నాను. ఫోను చేసింది ఆమె తమ్ముడు. “అక్క పోయిందప్పా, తెల్లారుజామున, నిద్దట్లోనే. నువ్వొచ్చేదాకా ఆపుతాం, బిరీన రా” అన్నాడు. బోర్డు మీద బొద్దింక జీర్ణవ్యవస్థ సగం గీసి ఉంది. అది అట్లాగే వదిలేసి బస్సెక్కాను.

మేడం కర్నూలు డిగ్రీ కాలేజీలో మాకు జంతుశాస్త్రం చెప్పారు. పుట్టింది ఆలూరు బజారులో అంగడి నడుపుకునే ఇంట్లో. శనగల్లోనో కందుల్లోనో పురుగు పడితే వాళ్ల నాయన సంచులు ఎండకు వేసేవాడట. ఈమె ఆ పురుగులను ఏరి రకానికొక డబ్బాలో పెట్టేవారట. “ఒకే సంచిలో రెండు జాతులుంటాయప్పా. మా నాయనకు రెండూ నష్టమే. నాకు మాత్రం రెండూ వేరే” అని నవ్వేవారు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక తమ్ముడింటి మేడ మీద గదిలో మైక్రోస్కోపుతో కాపురం పెట్టారు.

ప్రాక్టికల్స్‌లో ఎవరైనా నోరు జారి “ఇది ఫలానా పురుగనుకుంటా మేడం” అన్నారో, అయిపోయినట్టే. “అనుకునేదానికి మైక్రోస్కోపెందుకప్పా? ఇంటికి పోయి కండ్లు మూసుకోని అనుకో” అనేవారు. కనపడినంతే రాయాలి, కనపడనిది రాయకూడదు. ఆమె దగ్గర నేను నేర్చుకున్న చదువంతా ఇంతే. ఇంతకన్నా పెద్ద చదువు ఇంకెవరూ నాకు చెప్పలేదు.

గుజరాత్ లిగ్నైట్ గనుల్లో పనిచేసే పాత శిష్యుడు ఒకసారి ఆమెకు అంబర్ ముక్క తెచ్చిచ్చాడు. కోట్ల ఏళ్ల కిందట చెట్టు కార్చిన బంక భూమిలో పూడిపోయి గట్టిపడితే అది అంబర్. చింతగింజంత పసుప్పచ్చటి ఆ ముక్కలో నువ్వుగింజంత పెంకుపురుగు ఉంది. దాని పొట్ట కింద పుప్పొడి అంటుకుని ఉంది. పూల మీద తిరుగుతూ, పని మధ్యలోనే బంకలో ఇరుక్కుపోయిందన్నమాట. దాన్ని మొదటిసారి మైక్రోస్కోపులో చూసినరోజు మేడం అన్నం తినడం మరిచిపోయారని తమ్ముడి భార్య ఇప్పటికీ చెబుతుంది.

అది ఏ కుటుంబానికి చెందిన పురుగో తేల్చాలి. ముందు కాళ్ల పాదాలకు ఐదేసి కణుపులు ఉన్నాయి. వెనక పాదానికి నాలుగే ఉంటే ఒక వంశం, అక్కడా ఐదుంటే వేరే వంశం. ఆ వెనక పాదం పొట్ట కిందికి ముడుచుకుని పుప్పొడి చాటున ఉండిపోయింది. అంబర్‌ను అటువైపు నుంచి అరగదీస్తే పాదం కనపడుతుంది గానీ పుప్పొడి పోతుంది. ఆ పుప్పొడే పోతే అది పూల మీద తిరిగిన పురుగని చెప్పడానికి రుజువు ఉండదు. ఎక్కడో ఒక ప్రొఫెసరు ఫొటో చూసి, ఆకారాన్ని బట్టి ఇది ఫలానా కుటుంబమే, రాసేయండి అన్నాడు. మేడం ఒప్పుకోలేదు. “గోత్రం తెలీకుండా మనమే సంబంధం కలుపుకోం. నోరు లేని దానికి మాత్రం ఎట్ల కలిపేది?” అన్నారు.

ఏళ్లు గడిచాయి. ఆమె కళ్లు మసకబారడం మొదలైంది. చూపు పూర్తిగా పోకముందే తేల్చాలని, పుప్పొడికి తగలకుండా ఓరగా అరగదీయడం మొదలుపెట్టారు. సాసర్లో నీళ్లు, సన్నరకం గరుక్కాగితం. రెండుసార్లు రుద్దడం, కడగడం, చూడటం. ఆ నీళ్లు గదిలోనే నిలవ ఉంచినవై ఉండాలని ఆమె నియమం. వేడెక్కిన అంబర్‌కు చన్నీళ్లు తగలకూడదు.

ఆ మే నెల మధ్యాహ్నం నేనూ అక్కడే ఉన్నాను. కరెంటు లేదు. బండల మిద్దె పెనంలా కాగుతోంది. సాసర్లో నీళ్లు ఎప్పుడో ఆవిరైపోయాయి. పాదం అంచు కనపడబోతోందని మేడం ముఖం వెలిగిపోతోంది. కుండలో చన్నీళ్లు ముంచుకుని గటగటా తాగి, మిగిలినవి అదే ఊపులో సాసర్లో వంచి ముక్కను అందులో ముంచారు. ఎండన పడి వచ్చినవాళ్లకు కుండనీళ్లు ఇవ్వడం మా వైపు ఎవరైనా చేసే పనే. చిటుక్కుమని చిన్న శబ్దం వచ్చింది.

ఆమె చాలాసేపు మైక్రోస్కోపులోకి చూశారు. “ఏమీ కనపడ్డంలేదప్పా. నువ్వు సూడు” అన్నారు. చూశాను. ముక్కంతా తెల్లటి పగుళ్లు. పురుగు జాడే లేదు. నాకూ కనపడటం లేదని చెప్పాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, “నా కండ్లు పోయినాయేమోనని ఆశపడితినప్పా” అన్నారు. అంత దిగులు మాట నేను నా జన్మలో వినలేదు.

ఆ తర్వాత మేడం చాన్నాళ్లు మేడెక్కలేదు. నేను ఊరుకోలేక నలుగురినీ వాకబు చేశాను. మనుషులకు తీసే స్కాన్ లాంటిదే, పగుళ్లున్నా లోపల ఉన్నది చూపించే యంత్రం బెంగళూరులో ఒక ల్యాబులో ఉందని తెలిసింది. తీసుకురమ్మన్నారు. వెంటనే మేడంకు ఫోను చేసి చెప్పాను.

“పుప్పొడి గూడా పోదా?”

“పోదు మేడం.”

“అట్లయితే నేనూ వస్తా. నువ్వొక్కడివే కణుపులు లెక్కబెట్టుకోని వస్తావా? కుదరదు.”

మేం బయల్దేరాల్సింది వచ్చే సోమవారం.

నేను ఆలూరు చేరేసరికి పొద్దు వాలింది. మేడంను వరండాలో పడుకోబెట్టారు. తలాపున దీపం, పక్కనే ధూపం. వాసన వీధిలోకే వస్తోంది. నేను కాళ్లకు మొక్కి లేచాక తమ్ముడు నా చేయి పట్టుకున్నాడు.

“మా అంగట్లో అమ్మే గుగ్గిలం కాదప్పా ఇది. అక్క శానా భద్రంగా దాచిపెట్టుకున్యాది. పోయినవారమే మేడ మీంచి దెచ్చి దేవునిగూట్లో పెట్టింది. ఇప్పుడే ఆమెది ఆమెకే వేస్తిమి.”

తరతరాలుగా గుగ్గిలం తూచి అమ్మిన ఇల్లు. ఆ పగిలి తెల్లబారిన ముక్కలో వాళ్లకు గుగ్గిలం కాక ఇంకేం కనపడుతుంది? “కొంచెమన్నా మిగిలిందా అన్నా?” అని అడిగాను.

“లేదప్పా, అంతా వేస్తిమి. అక్కకేసేదాంట్లో గూడా మిగిలించుకుంటామా?” అన్నాడు. అంటూనే ఏడ్చాడు.

ఇప్పుడు ఆ పురుగు ఏ వంశమో ఎవరికీ తెలియదు, ఇక తెలిసే దారీ లేదు. ఆ రోజు నేను ధూపం దగ్గరే చతికిలబడ్డాను. నిప్పుల మీద పసుప్పచ్చటి బొట్టు ఒకటి ఇంకా ఉడుకుతోంది. మేడం ముఖం మీదుగా పొగ లేస్తోంది. పక్కింటి ముసలామె వంగి, ఆ పొగను రెండు చేతులా తీసుకుని కళ్లకు అద్దుకుంది.