రెండు బ్యాండ్లూ బాగున్నాయన్న బావ

మొన్న మా ఊరి బ్రూస్‌పేటలో మా బంధువుల పెళ్లి ఊరేగింపు. బ్యాండు లేదు, లారీ మీద పెద్దపెద్ద స్పీకరు పెట్టెలు పేర్చి పాటలు వేశారు. గుండె అదిరి పక్కకు తిరిగితే, మా పెద్దబావ ఆ చప్పుడుకు కూడా మోకాలి మీద తాళం వేస్తున్నారు. ఆయనకు ఎప్పుడూ అన్నీ బాగానే ఉంటాయి. ఆ గుణమే నలభై ఏళ్ల కిందట ఆయన కొంప ముంచింది.

ఆ రోజుల్లో మా వీధిలో పెళ్లి బ్యాండ్ల అభిమానులు రెండు పార్టీలు. నీలికోట్లవాళ్ల క్లారినెట్‌ను మించింది లేదని మేము, ఎర్రకోట్లవాళ్ల ట్రంపెట్ ముందు అదెంతని ఎదురింటివాళ్లు. అంగళ్లు కట్టేశాక మా అరుగు మీద రోజూ ఇదే పంచాయితీ. ఎవరి పెళ్లిలో ఎవరు శ్రుతి తప్పారో, ఎవరి డ్రమ్ము వదులుగా మోగిందో, మా వ్యాపారం సంగతులైనా అంత శ్రద్ధగా మాట్లాడుకొని ఎరగం. పక్కనే మోక అనే ఊళ్లో కిరాణా అంగడి నడిపే పెద్దబావ, సరుకు కోసం వచ్చినప్పుడల్లా ఆ అరుగు మీద కూర్చునేవారు. నీది ఏ పార్టీ అని అడిగితే, "రెండూ బాగుండాయప్పా" అనేవారు. మా నాయనకు ఆ మాటంటే ఒళ్లు మంట. అల్లుడు కాబట్టి ఎదురుగా అనలేక, ఆయన బస్సెక్కాక, "రెండుపక్కలా తలూపేటోణ్ని నమ్మకూడదు" అనేవాడు. నేనూ సరేననేవాణ్ని.

ఇంతలో చిన్నక్క పెళ్లి కుదిరింది. మగపెళ్లివారు ఎర్రకోట్లను, మేము నీలికోట్లను మాట్లాడుకున్నాం. ఎదురుకోళ్లలో రెండు బ్యాండ్లూ ఎదురెదురుగా నిలబడి వాయించాలి కదా, పరువంతా అక్కడే. మా నీలికోట్ల మాస్టరు ఒక కన్నడ పాట పల్లవికి తెలుగు పాట చరణం అతికించి కొత్త వరుస కట్టాడు. మా గోడౌను తలుపులు బిగించి సాధన చేయించాడు. బయటివాళ్లలో లోపలికి రానిచ్చింది నాయననూ, నన్నూ, పెద్దబావనూ మాత్రమే.

ఎదురుకోళ్లనాడు ఎర్రకోట్లవాళ్లు వస్తూనే మొదట వాయించింది ఆ వరుసే. మా మాస్టరు క్లారినెట్ నోటిదాకా తెచ్చి దించేశాడు. జనం నవ్వారు. నాయన చూపు తిన్నగా పెద్దబావ మీదికి పోయింది. పాపం, ఆయన అప్పుడు కూడా హాయిగా తల ఊపుతున్నారు. ఇంకేం సాక్ష్యం కావాలి?

"ఎవరికి చెప్పినావో, యాడ చెప్పినావో నాకొద్దు. ఇంగ మా అరుగెక్కొద్దు" అన్నాడు నాయన, అల్లుడన్న మర్యాద కూడా మరచి. బావ నోరు తెరిచారు. పందిట్లో గొడవవుతుందని బెదిరిపోయిన పెద్దక్క ముఖం చూసి మూసుకున్నారు.

సరిగ్గా అప్పుడే ట్రంపెట్ ఊదే మనిషి టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. ఎర్రకోట్లలో కొత్తగా చేరిన ఆ మనిషి, పది రోజుల కింద పెళ్లికని నాకు చొక్కా కుట్టిన టైలరు! చేతులు చాచి కొలతలిస్తూ నేను ఊరుకోక ఆ వరుసనే ఈలవేశాను. "బాగుండాదప్పా, ఇంగోసారి అను" అన్నాడు. మెచ్చుకున్నాడు కదా అని మూడుసార్లు వినిపించాను.

చెప్పాల్సింది. డిగ్రీ చదువుతున్నవాణ్ని, చిన్నపిల్లాణ్ని కాను. నాయనకు భయపడ్డాను, అంతే. ఆ తరువాత ఐదేళ్లు పెద్దక్క పుట్టింటికి ఒంటరిగా వచ్చి ఒంటరిగా పోయింది. బావ మళ్లీ మా గడప తొక్కింది నాయన పోయిన రోజే. అప్పుడూ నేను చెప్పలేదు, సిగ్గులేదు నాకు.

మొన్న లారీ ముందుకు కదిలాక ధైర్యం తెచ్చుకొని, "బావా, ఆ పొద్దు ఎదురుకోళ్లలో..." అని మొదలుపెట్టాను.

"సుమ్నే ఉండప్పా, ఊరుకో ఇంగ" అన్నారాయన. నన్ను ఎగాదిగా చూసి, "చొక్కా బాగుండాది. యాడ కుట్టించినావు?" అన్నారు.

మామూలుగానే అడిగారో, నలభై ఏళ్లు ఆగి అడిగారో నాకు తెలియలేదు. కాలం అన్నీ మరపిస్తుందంటారు గానీ, అనుమానాన్ని మాత్రం ఒకరి మీది నుంచి తీసి ఇంకొకరి గుండెలో పెడుతుంది.