శీనమ్మ వక్కాకు సంచి

ఏదైనా మరిచిపోతే వెనక్కి పోయి తెచ్చుకుంటే తప్ప శీనమ్మకు ప్రాణం నిమ్మళించదు. ఒకసారి ఆత్మకూరులో చుట్టాల పెళ్లికి బయలుదేరింది. సగం దారిలో, వక్కాకు సంచి ఇంట్లోనే ఉండిపోయిందని గుర్తొచ్చి బస్సు ఆపించి దిగేసింది. ఆమె పెళ్లింటికి చేరేసరికి భోజనాల బంతులు కూడా అయిపోయాయి. "తాళి కట్టేది నేనా ఏంది, నా కోసం ఆగేదానికి?" అని వాళ్లనే దబాయించింది.

దుత్తలూరు పక్క పల్లెలో గొర్రెలు మేపుకునే కుటుంబం ఆమెది. ఊరందరితో మొండిదే కానీ మనవరాలు అశ్విత దగ్గర మాత్రం వెన్నముద్ద.

పోయిన ఎండాకాలం వాళ్ల గొర్రెల కొట్టం అంటుకుంది. మంద మేతకు పోయి ఉంది. తల్లి పాలు చాలక ఇంటిపట్టున ఉంచిన గొర్రెపిల్ల ఒక్కటే లోపల ఉంది. జనం బిందెలు పట్టుకుని పరుగులు పెడుతుంటే శీనమ్మ నెత్తిన కొంగేసుకుని పొగలోకి దూరింది. కాసేపటికి దగ్గుకుంటూ బయటికొచ్చింది. వెనకాలే గొర్రెపిల్ల. ఇంకేముంది, ఊరు ఊరంతా ఆమెను ఆకాశానికెత్తేసింది. పంద్రాగస్టు నాడు బడిలో శాలువా కూడా కప్పారు.

జరిగింది వేరు. ఆమె పోయింది కొట్టం గుంజకు తగిలించిన వక్కాకు సంచి కోసం. ఆ పిల్లకు తమలపాకు రుచి మప్పింది ఆమే. అందుకని సంచి ఎటు పోతే అది అటు. శాలువా కప్పేటప్పుడు చెప్పేద్దామనే నోరు తెరిచింది. అంతలో చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్ల మధ్య వక్కాకు ఊసెత్తడం ఏం మర్యాదని ఊరుకుంది. ఆ తర్వాత ఎవరు కదిపినా "మూగజీవం గదమ్మా" అని నిట్టూర్చేది. అందులో అబద్ధమేముంది?

అశ్విత ఉదయగిరిలో యూకేజీ చదువుతోంది. మొన్నామధ్య పిల్లల్ని అక్కడి ఫైర్ స్టేషన్ చూపించడానికి తీసుకెళ్తూ, టీచరు రేణుకాదేవి శీనమ్మను కూడా తోడు రమ్మంది. "మీలాంటి ధైర్యవంతులు పక్కనుంటే పిల్లలకు మంచిది" అంది. శీనమ్మ ఆ ఎండలో శాలువా భుజాన వేసుకుని మరీ వ్యాను ఎక్కింది.

స్టేషన్లో పిల్లలకు అన్నీ చూపించడానికి వచ్చిన ఫైర్‌మన్ పెంచలప్రసాద్‌ను చూడగానే ఆమె టీచరు వెనక్కి జరిగింది. కొట్టం తగలబడిన నాడు ఇంజనుతో వచ్చింది అతనే. ఆమె చేతిలో సంచిని చూసింది కూడా అతనొక్కడే.

"బాగుండావా అవ్వా? సంచి బాగుండాదా?" అన్నాడు నవ్వుతూ.

"నీ పని చూసుకో అబ్బయ్యా" అంది శీనమ్మ, సంచిని శాలువా కిందికి తోసేస్తూ.

అతను పిల్లల ముందే బూట్లు, కోటు, హెల్మెట్ వేసుకున్నాడు. చివర్న మొహానికి మాస్కు తగిలించేసరికి ఇద్దరు పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. వెంటనే తీసేశాడు. "చూసినారా, లోపల ఉండేది నేనే. పొగలో ఇట్టా వస్తే దెయ్యమనుకుని మంచం కిందికి దూరబాకండి. ఇక్కడుండానని గట్టిగా అరవండి" అన్నాడు. మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి, వాళ్లు నవ్వేదాకా అదే పని చేశాడు.

"సరే, ఇల్లు అంటుకుంటే ఏం చేస్తారు?"

అశ్విత లేచి నిలబడింది. "నేను లోపలికి పోయి గొర్రెపిల్లని తెస్తా. మా అవ్వ తెచ్చినాది. నాకూ శాలువా కప్పుతారు."

పిల్లలందరూ చప్పట్లు కొట్టారు.

"తప్పు తల్లీ. బయటికొచ్చినాక దేని కోసమూ మళ్లీ లోపలికి పోకూడదు" అన్నాడు పెంచలప్రసాద్.

"మా అవ్వ పోయినాది గదా. ఏం కాలేదు గదా."

అతను శీనమ్మ వైపు చూశాడు. చెప్పాలంటే ఒక్క ముక్కలో చెప్పేయగలడు. చెప్పలేదు. శీనమ్మకు ఆ రోజు పొగ మళ్లీ కళ్లకు తగిలినట్టయింది. ఈసారి అందులో చిన్న గౌను ఒకటి కనబడింది.

"అమ్మీ, ఇట్టా రా" అంది. శాలువా కింది నుంచి సంచి బయటికి తీసింది. "ఆ పొద్దు నేను పోయింది పిల్ల కోసం కాదు. దీనికి."

"వక్కాకుకా?"

"వక్కాకుకే. ఆకు వాసనకి గొర్రెపిల్ల దానంతటదే వచ్చినాది. నా కొంగు కాలతా ఉంటే ఈ అబ్బయ్యే నలిపి ఆర్పినాడు. లేకుంటే నీకు ఈ అవ్వ ఉండేది కాదు."

రేణుకాదేవి నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. అశ్విత మాత్రం నవ్వలేదు. "అయితే శాలువా గొర్రెపిల్లకి కప్పాల్సింది" అంది.

తర్వాత పెంచలప్రసాద్ అందర్నీ గదిలో కూర్చోబెట్టి, గంట కొట్టగానే బయటికి పరుగెత్తించాడు. వేపచెట్టు నీడలో తలలు లెక్కపెడుతుండగా శీనమ్మ చెయ్యి నడుము తడుముకుంది. సంచి లోపల బెంచీ మీదే ఉండిపోయింది. ఆమె కాలు దానంతటదే ముందుకు పడింది.

"అవ్వా" అంది అశ్విత. కాలు ఆగిపోయింది.

"నేను తెచ్చిస్తాలే అవ్వా" అని పెంచలప్రసాద్ కదిలాడు.

"అంకుల్, నువ్వు గూడా పోబాక. నువ్వే చెప్పినావు గదా."

కోటు, హెల్మెట్ వేసుకున్న మనిషి యూకేజీ పిల్ల మాటకు కట్టుబడి ఎండలో నిలబడిపోయాడు. "మీ మనవరాలు మా ఆఫీసరుకంటే గట్టిదవ్వా" అన్నాడు మెల్లగా.

నవ్వుల్లో, బిస్కెట్ల పంపకంలో సంచి సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఇళ్లకు దించే వ్యాను ఉదయగిరి దాటాక శీనమ్మ నోరు వక్కాకు అడిగింది. ఆపమనడానికి డ్రైవరు వైపు చెయ్యెత్తింది కూడా.

అశ్విత ఆమె ఒళ్లో నిద్రపోతోంది. మడతపెట్టిన శాలువా తలకింద ఉంది. అవ్వ కొంగు గుప్పిట్లో బిగించి పట్టుకుని ఉంది. శీనమ్మ ఎత్తిన చెయ్యి దించి, పిల్ల మొహం మీద పడుతున్న ఎండకు అడ్డం పెట్టింది.