పచ్చరంగు లక్కపిట్ట

నాన్న రిటైరైన ఏడాది నర్సీపట్నం మెయిన్ రోడ్డులో ఒక జత లవ్‌బర్డ్స్ కొన్నారు. పెళ్లిచూపులకు వెళ్లినట్టు షాపులో గంటసేపు నిలబడి మరీ ఎంచారట. ముక్కు పైన నీలంగా ఉంటే మగది, గోధుమరంగుంటే ఆడది అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ పాఠం చెప్పేవారు. బడిపంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది! కొర్రలు పోయడం, నీళ్లు మార్చడం, చీకటిపడగానే పంజరం మీద పాత పంచె కప్పడం, అన్నీ ఆయనే.

నాన్న పోయిన కొన్నాళ్లకే ఆడపిట్ట కూడా పోయింది. మగది మూల ముడుచుకుని కూర్చుంది. తోడుగా ఉంటుందని ఏటికొప్పాక వెళ్లినప్పుడు పచ్చటి లక్కపిట్ట బొమ్మను తెచ్చి పంజరంలో పెట్టాను. పిల్లల్ని ఊరుకోబెట్టే బొమ్మ పిట్టకు మాత్రం ఎందుకు పనికిరాదు అనుకున్నాను. నిజంగానే అది లేచొచ్చి బొమ్మ పక్కన చేరింది. ఎంత సంబరపడ్డానో.

తర్వాత చూస్తే, తిన్న గింజల్ని కక్కి బొమ్మ ముక్కుకి అందిస్తోంది. రోజంతా అదే పని. తను మాత్రం చిక్కి పుల్లయిపోయింది.

ఇంట్లో అమ్మ సంగతీ అలాగే ఉంది. నాన్న పేరున రోజూ ఒక ముద్ద పిట్టగోడ మీద పెట్టి, కాకి ముట్టేదాకా తను తినదు. ఏడాది పొడుగునా ఇలాగే చేస్తానని పట్టు. మా వీధిలో కాకులు తగ్గిపోయాయి. ఒక్కోరోజు మధ్యాహ్నం దాటిపోయేది. షుగర్ మాత్రలు వేసుకునే మనిషి. బతిమాలాను, కోప్పడ్డాను. "నీకేటి తెలుసు, ఊరుకో" అనేది. నాన్న వెనకే ఈమె కూడా వెళ్లిపోతుందేమోనని నాకు భయం వేసేది.

అమ్మా నేనూ పిట్టను పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. "ముందు ఆ బొమ్మ తీసెయ్యండి. ఇవి గుంపులో తినే పిట్టలండీ. తెలిసినవాళ్లు ఎదురుగా తింటుంటే ఇవీ తింటాయి" అన్నారాయన.

బొమ్మ తీసేశాను. మర్నాడు పొద్దున్న పిట్ట కళ్లు మూసుకునే కూర్చుంది. గింజ ముట్టలేదు. దాని ఎదురుగా కూర్చుని ఇడ్లీ తిన్నాను. నావైపు చూడనైనా చూడలేదు.

"నువ్వు తినడం ఎప్పుడు సూసింది అది? మీ నాన్నా నేనూ కదా ఇక్కడ కూకుని తినీవోళ్లం" అంది అమ్మ.

ఆ మాట అని లోపలికెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చేసరికి చేతిలో పళ్లెం ఉంది. గోడ మీద నాన్న పేరున పెట్టిన ముద్ద అలాగే ఉంది, కాకి జాడ లేదు. అమ్మ పంజరం ముందుకు కుర్చీ లాక్కుని గోడ వైపు చూసింది.

"ఏటీ అనుకోకండీ. మీ పిట్ట ఆకలితో ఉంది" అని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

పిట్ట కళ్లు తెరిచింది. అమ్మ నమలడం కాసేపు చూసి, గింజల గిన్నె దగ్గరికి దిగింది.